గోధుమ లేని ఫలహారం

సెలవునాడు ఆలస్యంగా లేచి, ఉదయపు ఫలహారాన్నీ మధ్యాహ్న భోజనాన్నీ కలిపి ఒకే పూటగా ఆరగించే అలవాటుకు 19వ శతాబ్ది చివర ఇంగ్లండులో బ్రంచ్ అనే పేరు వచ్చినది. నేడు మన హనుమకొండలో సైతం ఆదివారం పది గంటలు దాటితే గాని పొయ్యి వెలగని ఇండ్లు లేకపోలేదు. ఆ పూట పిల్లలు తరచు వాఫుల్ కావాలంటారు. గళ్లు గల రెండు ఇనుప పలకల నడుమ పిండి పోసి కాల్చే ఈ అట్టు ఐరోపాలో ఎంతో పాతది. పొయ్యిమీద వాడదగిన వాఫుల్ పెనానికి అమెరికాలో కొర్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869 ఆగస్టు 24న పేటెంటు పొందినాడు.

ఈ వాఫుల్ మూలంగా మా ఇంట ఒక సంకటం కలిగినది. మా మేనకోడలికి పన్నెండేండ్లు. ఆమె ఇకమీదట గోధుమ ముట్టరాదని వైద్యులు నిర్ధారించినారు. ఆమె అన్న పాలు, పెరుగు, నెయ్యి, తేనె సైతం విడిచిపెట్టినాడు. అటువంటి ఆహారనియమానికి 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ అని పేరు పెట్టినారు. తక్కిన పిల్లలందరూ వాఫుళ్లు తింటూ ఉండగా ఆ అమ్మాయి అరటిపండు ఒలుచుకొని పక్కగదిలో కూర్చున్నది. పిలిస్తే, “నాకు ఆకలి లేదు మామా” అన్నది. ఆ మాట నిజం కాదని అందరికీ తెలుసును.

ఆమెకున్న వ్యాధిని సీలియాక్ అంటారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులోకి వెళ్లినప్పుడు, దేహపు రక్షణశక్తి పొరపడి చిన్నప్రేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. తిన్నది వంటబట్టదు, పిల్లలు ఎదగరు, రక్తం తగ్గుతుంది. హాలెండులో 1944–45 శీతకాలపు కరవులో రొట్టె దొరకనప్పుడు ఈ రోగపు పిల్లలు కోలుకొనడమూ, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడడమూ విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు గమనించినాడు. అంతకుముందే తనకు గల అనుమానాన్ని ఆయన 1950 నాటి పరిశోధన గ్రంథంలో రుజువు చేసినాడు. దీనికి ఇప్పటికీ గ్లూటెన్‌ను జీవితాంతం మానడమే చికిత్స. అయితే అనుమానంతోనే ఎవరూ గోధుమ మానరాదు. ముందే మానివేస్తే రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును. పరీక్ష ముందు, పథ్యం తరువాత.

మరి గోధుమ లేకుండా అట్టు నిలుస్తుందా? గోధుమపిండి తడిపి పిసికితే గ్లూటెన్ సాగే వలవలె అల్లుకొని పిండిని పట్టి ఉంచుతుంది. బియ్యపు పిండికి ఆ గుణం లేదు. కాని ఆ లోటు తీర్చే ఉపాయం మన ఇండ్లలో ఏనాటినుంచో ఉన్నది. సర్వపిండినే చూడండి. దీనినే సర్వప్ప, గిన్నప్ప, తపాలచెక్క అని కూడా పిలుస్తారు.

రెండు గ్లాసుల బియ్యపు పిండిలో గంటసేపు నానిన శనగపప్పు రెండు చెంచాలు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, నువ్వులు, జీలకర్ర, ఉల్లికాడలు, కొత్తిమీర, కరివేపాకు, వెల్లుల్లి కారం, ఉప్పు వేయవలెను. మరిగిన నీరు కొద్దికొద్దిగా పోసి కలుపవలెను. వేడికి పిండిరేణువులు ఉబ్బి గంజివలె జిగురు పడతాయి. ఆ జిగురే ఇక్కడ గ్లూటెన్ చేసే పని చేస్తుంది. ముద్దను నూనె రాసిన గుండ్రని అడుగు గిన్నెలో పలుచగా వత్తి, వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, వాటిలో నూనెచుక్కలు విడిచి, మూతపెట్టి సన్నని సెగపై పది పన్నెండు నిమిషాలు ఉంచవలెను. తిరగవేయనక్కరలేదు. రెండవ దానిని వత్తేముందు గిన్నె చల్లారవలెను. కనుక రెండు గిన్నెలుంటే పని త్వరగా సాగుతుంది.

పిల్లలకు గళ్ల వాఫులే కావాలంటే అదీ సాధ్యమే. మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు మినపపప్పు, ఒక చెంచా మెంతులు అయిదు గంటలు నానబెట్టి రుబ్బి, రాత్రంతా పులియనీయవలెను. పులియడంలో పుట్టే వాయువును మినపపప్పు జిగురు బుడగలుగా పట్టి ఉంచుతుంది. గుడ్డు అవసరం లేదు. దోసెపిండికంటె చిక్కగా ఉన్న ఈ పిండిలో ఉప్పు, రెండు చెంచాల నూనె కలిపి, బాగుగా కాగిన పెనంలో పోయవలెను. ఆవిరి తగ్గేవరకు మూత తీయరాదు. తొందరపడితే అట్టు రెండుగా చీలిపోతుంది. తేనెకు బదులు బెల్లపు పాకం, లేదా పల్లీల పచ్చడి చాలును.

ఇక జాగ్రత్తలు. బొంబాయి రవ్వ, సాధారణ సేమియా గోధుమవే. బజారులో దొరికే ఇంగువలో తరచు గోధుమపిండి కలిసి ఉంటుంది. గోధుమలు ఆడిన గిర్నీలోనే బియ్యం ఆడిస్తే ఆ పిండి కొంత ఇందులో చేరుతుంది. కాబట్టి కడిగి ఆరబెట్టిన బియ్యాన్ని ఇంటి మిక్సీలో పట్టి జల్లించుకొనడం మేలు. జల్లెడ కూడా వేరుగా ఉండవలెను. మైదా కాల్చిన వాఫుల్ పెనం గళ్లలో మిగిలే పొడిని పూర్తిగా తీయడం కష్టం. ఈ రోగులకు వేరే పెనం కావలెను. గ్లూటెన్ లేదని ముద్రించే ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు నిబంధన. అది ఎంత స్వల్పమో దీనినిబట్టి ఊహించుకొనవచ్చును.

తరువాతి ఆదివారం మా ఇంట అందరికీ సర్వపిండే చేసినారు. ఎవరికీ వేరే పళ్లెం లేదు, వేరే గది లేదు. రంధ్రాలు చేసే పని మా మేనకోడలు తానే తీసుకొన్నది. మూడవ గిన్నె దించిన తరువాత కూడా తనకు ఇంకా ఆకలిగా ఉన్నదని ఆమే చెప్పినది.