కాంటర్బరీ ఆర్చిబిషప్పు పదవి

ఆంగ్లికను సంఘములలో కాంటర్బరీ ఆర్చిబిషప్పు పదవికంటె గౌరవమైనది వేరొకటి లేదు. ఇంగ్లాండు రాజునకు కిరీటము ధరింపజేయుట ఈ పదవిలో నున్నవారి విధి. 2023 మే 6 న మూడవ చార్లెసు రాజునకును అట్లే జరిగెను. అయినను ఈ పదవి యెట్లు పుట్టినది, దాని యధికారమెంతవరకు చెల్లును అను సంగతులు పలువురకు తెలియవు. వాని నిచట సంగ్రహముగా వివరింతుము.

క్రీ. శ. 597 లో గ్రెగొరీ పోపు రోమునుండి పంపగా, అగస్టీను అను సన్యాసి సహచరులతో కెంటు రాజ్యమున దిగెను. ఎథెల్‌బర్టు రాజు వారి నాదరించి, తన ముఖ్యపట్టణమగు కాంటర్బరీలో నివాసమిచ్చి, పిమ్మట తానును బాప్తిస్మము పొందెను. అగస్టీనే మొదటి ఆర్చిబిషప్పు. లండను మహానగరమైనను ప్రధాన పీఠము నేటికిని కాంటర్బరీయందే యుండుటకు మూలమిదియే.

ఈ పీఠమెక్కినవారికి సుఖము నిశ్చయము కాదు. నేరము చేసిన సంఘ గురువులను రాజు న్యాయస్థానములు శిక్షింపవచ్చునా యను వివాదమున రెండవ హెన్రీ రాజు నెదిరించిన థామస్ బెకెట్టును 1170 లో నలుగురు యోధులు దేవాలయముననే నరికిరి. 1549 నాటి ఆంగ్ల ప్రార్థన పుస్తకమునకు ముఖ్యకర్తయగు క్రాన్మరు 1556 లో ఆక్సుఫర్డునందు సజీవముగా దహింపబడెను.

ఇక అధికారమన్ననో, మిక్కిలి స్వల్పము. ఇంగ్లాండు సంఘమునకు ప్రధాన పాలకుడు రాజేగాని ఆర్చిబిషప్పు కాడు. ఇతర దేశముల సంఘములు తమ్ము తామే పాలించుకొనును. 1867 లో లాంగ్లీ ఆర్చిబిషప్పు లాంబెత్తు మందిరమున మొదటి మహాసభ కూర్పగా 76 మంది బిషప్పులు వచ్చిరి. ఆ సభల తీర్మానములు సలహాలేగాని ఆజ్ఞలు కావు. మన తెలుగుదేశమున దోర్నకలు మండలమునకు 1912 లో వి. యస్. అజరయ్యగారు బిషప్పయిరి. 1947 లో ఆ మండలము దక్షిణ ఇండియా సంఘమున చేరెను. ఈ సంఘమునకు కాంటర్బరీతో సహవాసము కలదు, లోబాటు లేదు.

ఆజ్ఞాబలము లేని పదవికి జనుల నమ్మకమే బలము. బాలురను హింసించిన యొకని విషయమున తగిన చర్య తీసికొనలేదని స్వతంత్ర విచారణ తేల్చగా, 2024 నవంబరులో జస్టిన్ వెల్బీ ఆర్చిబిషప్పు రాజీనామా ప్రకటించెను. 2025 అక్టోబరులో, పూర్వము నర్సుగా పనిచేసిన సారా ముల్లలీ ఆ స్థానమునకు ఎన్నుకొనబడిరి. ఆ పీఠమున కామె 106 వ వారు, స్త్రీలలో మొదటివారు.

బెకెట్టు, క్రాన్మరు రాజుల యెదుట జవాబు చెప్పవలసివచ్చెను. ఈ కాలపు ఆర్చిబిషప్పు నోరులేని పసివారి యెదుట జవాబు చెప్పవలసియున్నది. రెండవది మొదటిదానికంటె తేలికయని మేము తలపము.