ఫోమ్ రోలర్ పనిచేసేది ఎక్కడ?

జిమ్ముల్లో, ఫిజియోథెరపీ గదుల్లో కనిపించే ఫోమ్ రోలర్ గురించి అందరూ చెప్పే మాట ఒకటే. కండరాలను చుట్టి ఉండే ఫాసియా అనే పొర అతుక్కుపోయి ముడులు పడుతుందట, రోలర్‌పై బరువు వేసి దొర్లితే అవి విడిపోతాయట. రోలర్ పనిచేస్తుంది కానీ ఈ వివరణే నిలబడదు. నిజానికి రోలర్ పుట్టినప్పుడు ఈ వివరణ లేనే లేదు. ఇజ్రాయెల్‌లో స్థిరపడిన భౌతిక శాస్త్రజ్ఞుడు, జూడో గురువు మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904-1984) దీన్ని వాడింది మర్దనాకు కాదు. ఒంటి కింద నిలకడ లేని గుండ్రటి దుంగ ఉంటే, తూలిపోకుండా ఉండటానికి మెదడు కదలికలను కొత్తగా సర్దుకుంటుందని ఆయన నమ్మకం. అంటే నాడీవ్యవస్థకు పాఠం చెప్పే పనిముట్టన్నమాట. 1980ల చివర్లో ఆయన పద్ధతి నేర్చిన న్యూయార్క్ ఫిజియోథెరపిస్టు షాన్ గ్యాలగర్ దాన్ని డాన్సర్ల చేత మర్దనాకు వాడించాడు. ఆ తర్వాత ట్రైనర్లు అందుకున్నారు, ముడుల కథ వచ్చి చేరింది.

ఆ కథకు మొదటి చిక్కు లెక్కల్లోనే ఉంది. తొడ పక్కనుండే ఫాసియా ఒక్క శాతం నొక్కుకుని, ఒక్క శాతం పక్కకు ఒరగాలంటే 925 కిలోల నిలువు భారం, 460 కిలోల అడ్డు బలం కావాలని 2008లో ఒక పరిశోధక బృందం తేల్చింది. అప్పడాల కర్ర కింద పిండిలా సాగే సరుకు కాదది. ఇది గణిత నమూనాయే కదా, బతికున్న ఒళ్లు కాదుగా అనవచ్చు. న్యాయమైన మాటే, పైగా అదే లెక్కలో ముక్కు దగ్గరి మెత్తటి ఫాసియా తక్కువ బలానికే లొంగింది. అందుకే ఒంటి మీద చేసిన ప్రయోగాలు చూడాలి. కెనడాలోని మెమోరియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో 11 మంది పురుషుల చేత తొడ ముందు భాగాన్ని నిమిషం చొప్పున రెండుసార్లు రోల్ చేయించారు. రెండు నిమిషాల తర్వాత మోకాలి వంపు సుమారు 10 డిగ్రీలు పెరిగింది, కండరం బలం తగ్గలేదు. ఫలితం నిజమే, కారణం మాత్రం తేలలేదు. దాన్ని పట్టిచ్చింది 2015 నాటి మరో ప్రయోగం: ఒక కాలి పిక్కను గట్టిగా రోల్ చేస్తే, రోలర్ తగలని రెండో పిక్క కూడా మునుపటికన్నా ఎక్కువ ఒత్తిడిని నొప్పి లేకుండా ఓర్చుకుంది! ఈ పిక్కలో ముడి విడిపోతే ఆ పిక్కకు ఒరిగేదేముంది? రెంటికీ ఉమ్మడిగా ఉన్నది వెన్నుపాము, మెదడు. బిగుతును, నొప్పిని ఎంతవరకు ఓర్చుకోవాలో నాడీవ్యవస్థ నిర్ణయిస్తుంది. రోలర్ మార్చేది ప్రధానంగా ఆ నిర్ణయాన్నే.

వేళ్లకు తగిలే గట్టి చోటు దొర్లాక మెత్తబడినట్టు తెలుస్తుంది కదా అంటే, నొప్పి తగ్గి కండరం సడలినా అలాగే తెలుస్తుంది. ఫలితం ఉంటే చాలు, కారణంతో పనేముంది అనేవారూ ఉన్నారు. కానీ ఫలితం చిన్నది. 21 అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి సమీక్షలో ముందుగా రోల్ చేస్తే స్ప్రింట్ పరుగు 0.7 శాతం, ఒంటి వంపు 4 శాతం మెరుగుపడ్డాయి. వ్యాయామం తర్వాత చేస్తే నొప్పి భావన 6 శాతం తగ్గింది. కొద్ది నిమిషాల పనికి ఇది చెడ్డ బేరమేమీ కాదు, అద్భుతమూ కాదు. ముడి తెంపుతున్నామనుకునే మనిషి మాత్రం అక్కడ ఆగడు, ఒళ్లు కమిలేలా అదుముతాడు. 2018లో తొడపై మూడు స్థాయిల ఒత్తిడిని పోల్చి చూశారు. బాగా నొప్పెట్టేలా నొక్కినా, కాస్త ఇబ్బందిగా అనిపించేంత నొక్కినా మోకాలు వంగడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.