పదమూడు కన్నా ఏడే ప్రమాదం కావచ్చు!

నిద్ర పట్టడం లేదనో, ఒంట్లో సత్తువ లేదనో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఒక్కోసారి ముందుగా ఓ కాగితం చేతిలో పెడతారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదాని ఎదురుగా నాలుగు గళ్లు. టోకెన్ నంబరు పిలిచేలోగా గబగబా టిక్కులు కొట్టి ఇచ్చేస్తాం. లోపల డాక్టర్ అడగబోయే ప్రశ్నలు చాలావరకు ఆ టిక్కులను బట్టే ఉంటాయి. అందుకే ఆ లెక్క ఎలా వేస్తారో మీకూ తెలియాలి. ముఖ్యంగా మీరు ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్‌లలో ఉంటూ కాల్షీట్లను నమ్ముకుని బతికేవారైతే.

ఆ కాగితం పేరు పీహెచ్‌క్యూ-9. 2001లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఈ ప్రశ్నావళిని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. తెలుగులోనూ ఉంది, అడిగి తీసుకోండి. పనుల మీద ఆసక్తి, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తనను తాను తక్కువ చేసుకోవడం, ఏకాగ్రత, మందకొడితనం లేదా నిలకడలేమి, చివరగా చనిపోతే బాగుండనే లేదా తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన... గత రెండు వారాల్లో ఇవి ఎన్నాళ్లు వేధించాయని అడుగుతుంది. అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగానికి పైగా రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27. ఐదు నుంచి తొమ్మిది వరకు స్వల్పం, 10-14 మధ్యస్థం, 15-19 కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం. 10 వచ్చిందంటే డాక్టర్ కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాల్సిందే.

మొత్తం ఒక్కటే చూడొద్దు

మీరు అసిస్టెంట్ డైరెక్టర్ అనుకుందాం. రెండు వారాలుగా నైట్ షూట్లు. నిద్రకు 3, నీరసానికి 3, వేళాపాళా లేని తిండి వల్ల ఆకలికి 2. తనను తాను తక్కువ చేసుకోవడానికి 2, ఆసక్తికి, దిగులుకు, ఏకాగ్రతకు ఒక్కొక్కటి. మొత్తం 13. ఇందులో ఎనిమిది మార్కులు నిద్ర, నీరసం, ఆకలివే. అవి షెడ్యూల్ వల్ల కావచ్చు, థైరాయిడ్ వల్ల కావచ్చు, రక్తహీనత వల్లా కావచ్చు. డిప్రెషనూ కావచ్చు. కాగితానికి కారణం తెలియదు. అది మీరు నోరు విప్పి చెప్పాలి.

ఇప్పుడు మీ రూమ్మేట్ కాగితం చూడండి. దిగులుకు 2, తనను తక్కువ చేసుకోవడానికి 2, ఆసక్తికి 1, నిద్రకు 1, తొమ్మిదో ప్రశ్నకు 1. మొత్తం ఏడే. ‘స్వల్పం’ గడిలో పడింది. కానీ డాక్టర్ ముందుగా పిలవాల్సింది ఇతణ్నే. తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏది వచ్చినా, మొత్తంతో పనిలేకుండా ఆ రోజే మాట్లాడాలి.

ఇబ్బందేమిటంటే, తొమ్మిదో ప్రశ్న దగ్గరే చాలామందికి పెన్ను ఆగుతుంది. పక్కన తోడొచ్చినవాళ్లు తొంగిచూస్తుంటే నిజం ఎలా రాస్తాం? ‘ఈ సంగతి యూనిట్‌లో తెలిస్తే మళ్లీ పనికి పిలుస్తారా’ అన్న భయం ఒకటి. కాగితం పట్టుకుని పక్కకు వెళ్లి నింపండి. చదవడం కష్టమైతే నర్సునో, కౌన్సెలర్‌నో విడిగా చదివి వినిపించమనండి. ఒకటి రెండు ఖాళీలుంటే మిగతావాటి సగటుతో లెక్క సరిచేస్తారు, అంతకు మించితే ఆ మొత్తం చెల్లదు. తొమ్మిదోది మాత్రం ఖాళీగా వదలొద్దు.

2025 ఆగస్టులో వేతనాల కోసం సినీ కార్మికులు సమ్మె చేసినప్పుడు రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. ఆ చివరి రోజుల్లో ఎవరైనా ఈ కాగితం నింపి ఉంటే, కూలి లేని బెంగంతా మార్కుల్లోకి ఎక్కేది. అలాగని ఆ మార్కు అబద్ధం కాదు. కారణం తెలిసినంత మాత్రాన బాధ తగ్గదు కదా! పని మొదలయ్యాక మళ్లీ నింపి పోల్చుకోవాలి. చికిత్స తీసుకుంటున్నవారికి ఐదు మార్కులు తగ్గాయంటే చెప్పుకోదగ్గ మార్పే.

అక్కడ ఎక్కువైతే మంచిది

ఆసుపత్రిలో ఇంకో కాగితం కూడా ఇవ్వొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన జీవన నాణ్యత ప్రశ్నావళి, 26 ప్రశ్నలది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. మార్కు ఎంత పెరిగితే అంత మేలు. నొప్పి, మందుల మీద ఆధారపడటం, దిగులు గురించిన మూడు ప్రశ్నలను మాత్రం తిప్పి లెక్కిస్తారు. పైగా అన్నీ కలిపి ఒకే మొత్తం ఉండదు. శరీరం, మనసు, మనుషులతో సంబంధాలు, పరిసరాలు... దేనికదే. సంబంధాల గురించి మూడు ప్రశ్నలుంటాయి. వాటికి 3, 2, 4 వేస్తే సగటు 3, దాన్ని నాలుగుతో గుణిస్తే 12. గరిష్ఠం 20. ఒంటికి 16 వచ్చి, సంబంధాలకు 8 వచ్చిందంటే మందు ఒక్కటే సరిపోదని డాక్టర్‌కు అర్థమవుతుంది.

నింపిన కాగితం మీద తేదీ వేయండి. ఆ రెండు వారాల్లో ఎన్ని రాత్రులు పనిచేశారో పక్కనే రాయండి. తొమ్మిదో ప్రశ్నకు మీ జవాబు సున్నా కాకపోతే, అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం. రాత్రి ప్యాకప్ తర్వాతైనా తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.