పదసేకరణమున గణాంకశాస్త్రము : ములుగు ప్రాంత పరిశోధకులకు కొన్ని మూలసూత్రములు

సాహిత్య విద్యార్థులలో పలువురు అంకెలను తమకు సంబంధింపని వస్తువులుగా భావింతురు. కాని వారి సిద్ధాంత వ్యాసములను తెఱచి చూచినచో 'తఱచుగా', 'సాధారణముగా', 'ఈ ప్రాంతమున నెక్కువమంది' అను మాటలు పుటపుటకును కనిపించును. ఇవి యన్నియు లెక్కింపక వ్రాసిన లెక్కలే. 'ములుగు ప్రాంతమున నీ పదము వాడుకలో కలదు' అను వాక్యము సైతము గణాంక వాక్యమే. ఎందఱిని అడిగితిమి? ఎవరిని అడిగితిమి? ఎట్లు అడిగితిమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము లేనిదే ఆ వాక్యమునకు ప్రమాణము లేదు. ఈ వ్యాసమున నా ప్రశ్నలకు సంబంధించిన మూలసూత్రములను, గణితము నెఱుగని విద్యార్థికి సైతము బోధపడునట్లు వివరింప యత్నింతుము.

మొదటి సూత్రము సమష్టి నిర్ణయము. ఎవరిని గూర్చి చెప్పదలచితిమో ఆ జనసమూహమంతయు సమష్టి యనబడును. ములుగు 2019 ఫిబ్రవరి 17వ తేదీన ప్రత్యేక జిల్లాగా నేర్పడినది. క్రీ. శ. 1213లో రేచర్ల రుద్రుడు నిర్మింపించిన రామప్ప దేవాలయముగల పాలంపేటయు, సమ్మక్క సారలమ్మల జాతర జరుగు మేడారమును, గోదావరి యొడ్డున నున్న ఏటూరునాగారమును ఈ జిల్లాలోనివే. చెఱువుల క్రింద వరి పండించు గ్రామములు కొన్ని. అడవి నానుకొని యున్న కోయగూడెములు కొన్ని. లంబాడీ తండాలు కొన్ని. ఇట్టి చోట 'ములుగు భాష' యన నేది? తెలుగు మాతృభాషగా గలవారి తెలుగా? కోయలు మాటాడు తెలుగును అందు చేరునా? దీనిని ముందుగా నిర్ణయించి వ్రాసికొనక బయలుదేరిన పరిశోధకుడు, తిరిగివచ్చిన తరువాత తనకు దొరకినదే సమష్టి యని భ్రమించును.

ఈ విషయమున మనకు మంచి మార్గదర్శకము కలదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన 'మాండలిక వృత్తిపదకోశము' వ్యవసాయ పదములకు సంబంధించినది. 1971లో వెలువడిన రెండవ సంపుటము చేనేత పదములది. వృత్తిపదముల వ్యాప్తిని బట్టి తెలుగుదేశమును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములుగా విభజించుట ఈ కృషి ఫలమే. ఏ పదము ఏ తావున వినబడినదో నమోదు చేయకున్నచో ఈ విభజనము సాధ్యము కాకపోయెడిది. ములుగు, తెలంగాణములోని తక్కిన ప్రాంతములతో పాటు, ఉత్తర మండలమున చేరును. అయినను మండలమును గూర్చిన నిర్ణయము మండలములోని ప్రతి గ్రామమునకు వర్తింపనక్కఱలేదు. ఈ తారతమ్యమును పరిశీలించుటయే నేటి విద్యార్థికి మిగిలిన పని.

రెండవ సూత్రము ప్రతిచయనము. సమష్టిలోని అందఱిని అడుగుట సాధ్యము కాదు గనుక కొందఱిని ఎన్నుకొందుము. ఎన్నికలో పక్షపాతము ప్రవేశించినచో సంఖ్య యెంత పెరిగినను లాభము లేదు. 1936లో అమెరికా దేశపు 'లిటరరీ డైజెస్ట్' పత్రిక అధ్యక్ష ఎన్నికను గూర్చి సుమారు కోటిమందికి ప్రశ్నపత్రములు పంపగా, దాదాపు 24 లక్షల సమాధానములు వచ్చినవి. లాండన్ గెలుచునని పత్రిక ప్రకటించినది, గెలిచినవాడు రూజ్వెల్టు. టెలిఫోనులు, మోటారుకార్లు గలవారి జాబితాలనుండి పేర్లను గ్రహించుటయు, సమాధానమిచ్చినవారు ఇయ్యనివారి వంటివారు కాకపోవుటయు ఆ పొరపాటునకు కారణములు. మన పదసేకరణమున బస్సు ఆగు గ్రామములే ఆ జాబితాలు. రహదారి ప్రక్కన, పాఠశాల యరుగుమీద, తీరికగా కూర్చుండి మాటాడు పురుషులనే అడిగినచో, పొలమున నాటువేయు స్త్రీల పదములు మనకు చిక్కవు. కావున గ్రామములను మైదానగ్రామములు, అటవీగ్రామములు అని స్తరములుగా విభజించి, ప్రతి స్తరమునుండి చీట్లు తీసి గ్రామములను ఎన్నుకొనవలెను. పిమ్మట స్త్రీపురుషులను, వయోభేదమును పాటించి వక్తలను నిర్ణయింపవలెను.

ఎందఱిని అడుగవలెనను ప్రశ్న సహజము. యాదృచ్ఛికముగా నెన్నుకొన్న 100 మందిలో 60 మంది యొక పదమును వాడిరనుకొందము. సమష్టిలోని నిజమైన భాగము ఇంచుమించు 50కి, 70కి నడుమ నూటికి ఎంతయైనను కావచ్చును. 400 మందిని అడిగి అదే నిష్పత్తిని పొందినచో ఆ అవధి 55కు, 65కు నడుమకు తగ్గును. అనగా దోషమును సగము చేయవలెనన్న సంఖ్యను నాలుగింతలు చేయవలెను. అయితే ఒకే యింటిలోని పదిమంది పది సాక్ష్యములు కారు. వారి భాష ఒకరినుండి ఒకరు నేర్చినదే. ఒక గ్రామమున నలువదిమందిని అడుగుటకంటె పది గ్రామములలో నలుగురేసి చొప్పున అడుగుట మేలు. పరిమిత సంఖ్యనుండి అంచనా ఎంత సూక్ష్మముగా రాగలదో తెలుపు అవధిని 1945లో నిరూపించినవారిలో నొకరు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము నభ్యసించిన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణరావుగారని (1920-2023) మన విద్యార్థులు తెలిసికొనదగును.

మూడవది సగటును గూర్చిన జాగ్రత్త. ఒక గూడెమున ఏడుగురు యువకులను పరీక్షింపగా వారికి వరుసగా 8, 10, 11, 12, 13, 15, 85 కోయ వృక్షనామములు తెలిసినవని ఊహింతము. సగటు 22. కాని ఆ యేడుగురిలో ఇరువది రెండింటికి సమీపమున నున్నవాడొక్కడును లేడు. నడిమి సంఖ్యయైన మధ్యగతము 12. అదియే గూడెము స్థితిని యథార్థముగా తెలుపును. సగటును మాత్రమే ప్రకటించినచో, ఒక్కని జ్ఞానము తక్కిన ఆర్గురి విస్మృతిని కప్పిపుచ్చును. ఇక 'నాగలి', 'మడక', 'అరక' వంటి పర్యాయములకు సగటు గాని మధ్యగతము గాని లేదు. ఎక్కువమంది చెప్పిన రూపమును, అనగా బాహుళకమును, సంఖ్యతోకూడ చూపవలెను. 'అరక' యని చెప్పినవాడు పనిముట్టును మాత్రమే ఉద్దేశించెనో, ఎడ్లతో కూడిన మొత్తమును ఉద్దేశించెనో తెలియవలెనన్న వస్తువును చూపి అడుగవలెను.

ప్రశ్న మారిన సంఖ్య మారును. జనగణనములలో కోయభాషను మాతృభాషగా చెప్పినవారు 1991లో 2,70,994 మంది. 2001లో 3,62,070 మంది. 2011లో 4,07,423 మంది. భాష వృద్ధి చెందుచున్నదని వెంటనే నిర్ణయింపరాదు. తొలి దశాబ్దమున పెరుగుదల నూటికి సుమారు 34. మలి దశాబ్దమున 12.5 మాత్రమే. ఇంతటి యంతరము జననములవలన కలిగినదా, జనులు చెప్పు సమాధానము మారుటవలన కలిగినదా యని విచారింపవలెను. మాతృభాష యేదని అడుగుట వేఱు. నేడు ఇంటిలో పిల్లలతో ఏ భాష మాటాడుదురని అడుగుట వేఱు. భాష యొక్క మనుగడను తెలుపునది రెండవ ప్రశ్న. తరువాతి జనగణనము నిర్ణీతమైన 2021లో జరుగకపోవుటచే, గూడెములలోని ఇంటిభాషను లెక్కించు చిన్న పరిశోధనముల విలువ మఱింత పెరిగినది.

కడపటిది కార్యకారణ వివేకము. పాఠశాల యున్న గూడెములలో కోయపదములు తక్కువగా వినబడినచో, పాఠశాలయే వానిని నశింపజేసినదని వ్రాయుటకు మనసు త్వరపడును. పాఠశాల వచ్చినచోటికి బాటయు వచ్చియుండును. బాటతో అంగడియు, అంగడితో క్రొత్త వృత్తులును వచ్చియుండును. రెండు విషయములు కలిసి కనబడుట సహసంబంధము మాత్రమే. బాట యుండి పాఠశాల లేని గూడెములను, పాఠశాల యున్నను బాటకు దూరమైన గూడెములను పోల్చి చూచినగాని కారణమును గూర్చి పలుకరాదు.

విద్యార్థులకు మా సూచన యొక్కటే. 'తెలియదు' అన్న సమాధానమును సైతము పట్టికలో వ్రాయుడు. వదలివేసిన గ్రామముల పేర్లను దాచకుడు. 'ఎక్కువమంది' అను మాటకు ప్రక్కన ఎందఱిలో ఎందఱో చూపుడు. పదములు నెఱిగిన వృద్ధులు ప్రతి యేటను తగ్గుచున్నారు. నేడు సరిగా లెక్కింపని దానిని రేపు మరల లెక్కించు అవకాశముండదు.