అప్పులేని సేద్యం: ఒక కంప్యూటర్ ఆటలో ప్రకృతీ, అంగడీ

కంప్యూటర్ ఆట గురించి సాహిత్య విమర్శ పత్రికలో రాయటమేమిటని మిత్రులు కొందరు అడగవచ్చు. ఒకప్పుడు సినిమా గురించి రాసినవాళ్లనూ ఇలాగే అడిగారు. కోట్లమంది తమ తీరికవేళల్ని ఏ కథలో గడుపుతున్నారో ఆ కథలో ఏముందో చూడటం విమర్శకుడి పని కాదనుకుంటే, ఇక అతనికి మిగిలేది పాత పుస్తకాలకు కొత్త పీఠికలు రాసుకోటమే.

నాకీ ఆటను పరిచయం చేసింది మా బడిలో తొమ్మిదో తరగతి కుర్రాడు. వాళ్ల నాన్న రెండెకరాలు కౌలుకు చేస్తూ మిరప వేస్తాడు. ఒక ఆదివారం సంధులు చెప్పించుకోటానికి మా ఇంటికొచ్చి, పాఠం అయ్యాక ఫోనులో చూపించాడు. ఆట పేరు ‘స్టార్‌డ్యూ వ్యాలీ’. విత్తనం కొనాలి, నేల తవ్వాలి, నీళ్లు పొయ్యాలి, పంట కోసి అమ్ముకోవాలి. మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి కనక తెలియనివి నన్నడుగుతూ ఆడాడు. కాసేపాగి, “మాస్టారూ, ఇందులో అప్పెక్కడ తెచ్చుకోవాలి?” అన్నాడు.

ఆ ఆటలో అప్పు లేదు. ఎందుకు లేదో తెలుసుకోవాలంటే దాన్ని తయారుచేసిన మనిషి గురించి కొంత తెలియాలి.

అమెరికాకు చెందిన ఎరిక్ బారోన్ 2011లో కంప్యూటర్ సైన్సు పట్టా పుచ్చుకున్నాడు. ఉద్యోగం దొరకలేదు. చేతికి సాధన అవుతుందని మొదలుపెట్టిన చిన్న పని నాలుగున్నరేళ్లు పట్టింది. ప్రోగ్రాం, బొమ్మలు, సంగీతం, సంభాషణలు – అన్నీ అతనివే. కొంతకాలం సాయంత్రాలు సియాటిల్‌లోని ఒక థియేటరులో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేశాడు. 2016 ఫిబ్రవరి 26న ఆట విడుదలైంది. 2024 డిసెంబరు నాటికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. “ఒక్కడే చేశాడు” అన్న మాట మాత్రం జాగ్రత్తగా వాడాలి. ఆ ఏళ్లలో ఇల్లు గడవటానికి సహచరి సంపాదన తోడ్పడింది. ఆటకు ఒరవడి 1996లో జపానులో వచ్చిన ‘హార్వెస్ట్ మూన్’. దాన్ని రూపొందించిన యాసుహిరో వాడా మియాజాకి పల్లెసీమ నుంచి టోక్యో చేరినవాడు. అంటే ఈ కోవ ఆటలన్నిటి పుట్టుకలోనే వలసపోయినవాడి బెంగ ఉంది.

కథ క్లుప్తంగా ఇది. జోజా అనే కార్పొరేషన్ కార్యాలయం. వరసగా అరల్లాంటి గదులు, పైన కెమెరా కన్ను. గోడమీద ‘విశ్రాంతి’, ‘పని’ అని రెండు దీపాలు, వెలిగేది రెండోది. ఒక అరలో కంప్యూటర్ ముందు కూచున్నది అస్థిపంజరం. నాయకుడు (నాయిక అయినా కావచ్చు, అది ఆడేవాళ్ల ఇష్టం) సొరుగు లాగి, చనిపోయిన తాత రాసిన ఉత్తరం చదువుతాడు. తాత తన పొలం అతనికి వదిలిపోయాడు. ఉద్యోగం మానేసి సముద్రపు ఒడ్డునున్న పెలికన్ టౌన్ అనే పల్లె చేరతాడు. అతనికన్నా ముందే జోజా అక్కడికి చేరింది. నది పక్కన దాని పెద్ద దుకాణం ఉంటుంది. ఊరి చిల్లర కొట్టు దానిముందు వెలవెలబోతూ ఉంటుంది. గాలం వేస్తే చేపకు బదులు ఒక్కోసారి జోజా కోలా డబ్బా తగులుతుంది. ఏ పాత్రచేతా ఉపన్యాసం చెప్పించకుండా రచయిత చెప్పదలచుకున్నది ఆ డబ్బాతో చెప్పేశాడు.

మన భావకవుల పల్లెలో ఇలాంటివి కనపడవు. అక్కడ వెన్నెల ఉంటుంది, పైరగాలి ఉంటుంది, సంత ఉండదు. బారోన్ పల్లెలో బస్సు చెడిపోయి పనిపోయిన డ్రైవరు పామ్ ఉంది, ఆమె సాయంత్రాలు సారాకొట్టులో గడుస్తాయి. జోజా దుకాణంలో అరలు సర్దే షేన్ ఉన్నాడు, అతని జీతమూ మనసూ అదే కొట్టుకు పోతాయి. కొండపక్క గుడారంలో లైనస్ అనే ముసలివాడు ఉంటాడు. అడవిలో దొరికింది తింటాడు, రాత్రిళ్లు ఇళ్లముందు చెత్తకుండీలు వెతుక్కుంటాడు.

ప్రకృతిని బారోన్ వర్ణనగా కాక నియమంగా పెట్టాడు. శిల్పపరంగా ఇది చాలా ముఖ్యం. ఋతువులు నాలుగు, ఒక్కోటి 28 రోజులు. బంగాళాదుంప వసంతంలోనే, పుచ్చ వేసవిలోనే, గుమ్మడి శరత్తులోనే. ఋతువు మారిన తెల్లారేసరికి, కొత్త ఋతువులో బతకలేని పైరు ఎండిపోయి ఉంటుంది. కొన్ని చేపలు వానరోజునే పడతాయి. కవి “వసంతం వచ్చింది” అంటే పాఠకుడు తలూపి పేజీ తిప్పుతాడు. ఇక్కడ వసంతం రేపటితో అయిపోతుందని తెలిసి, కొయ్యని మడి ముందు నిలబడాలి. ఆ ఆత్రం మా కుర్రాడికి కొత్త కాదు. పట్నం పిల్లలకు మాత్రం ఇదే మొదటిసారి కావచ్చు.

ఊళ్లో పాడుపడ్డ సామూహిక భవనం ఒకటుంది. జూనిమోలనే అడవి దేవతలు ఒక్కో గది బాగుచెయ్యటానికి కొన్ని వస్తువులు అడుగుతాయి: ఆయా ఋతువుల పంటలు, అడవి దుంపలు, నది చేపలు, సముద్రం చేపలు. ఒక్క గదికి మాత్రం డబ్బే అడుగుతాయి. ఎంత కష్టపడ్డా వేసవి పంట వేసవిలోనే వస్తుంది కనక, పని పూర్తికావటానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. ఒక్కో గదీ పూర్తయ్యేకొద్దీ ఊరికి ఒక్కోటి తిరిగొస్తుంది. విరిగిన వంతెన నిలబడుతుంది, బస్సు కదులుతుంది, పామ్‌కు పని దొరుకుతుంది. భవనం మొత్తం పూర్తయితే జోజా దుకాణం మూతపడుతుంది.

ఐతే రెండో దారి కూడా ఉంది. 5,000 నాణేలు కట్టి జోజా సభ్యత్వం తీసుకుంటే సామూహిక భవనం గోదాముగా మారుతుంది. తరవాత వంతెన కావాలా, 25,000. అద్దాల పందిరి కావాలా, 35,000. ఋతువులతో పనిలేదు, వాన చేపతో పనిలేదు. వంతెన మాత్రం అదే వంతెన! ఒక దారిలో దాన్ని కట్టింది ఏడాదిపాటు నేలనూ నీటినీ తెలుసుకుని చేసిన శ్రమ, రెండో దారిలో నాణేల కుప్ప. ఆ నాణేలు దేన్ని అమ్మితే వచ్చాయో జోజా అడగదు. వస్తువు వెనక ఉన్న శ్రమ డబ్బులో ఎలా కనపడకుండా పోతుందో మన రాజకీయ పాఠశాలల్లో మూడు రోజులు చెప్పినా కొందరికి ఎక్కదు. ఈ ఆట ఒక్క వంతెనతో చూపించింది. బారోన్ రెండో దారిని మూసెయ్యకపోటం కూడా నాకు నచ్చింది. ప్రలోభం లేనిచోట ఎంపికకు అర్థం లేదు.

2009లో ఫేస్‌బుక్‌మీద వచ్చిన ‘ఫామ్‌విల్’ కూడా సేద్యం ఆటే. ఒక దశలో నెలకు 8 కోట్లకు పైగా జనం ఆడారు. అక్కడా పైరు ఎండేది, కాని ఋతువు మారినందుకు కాదు, మీరు చెప్పిన గంటకు తిరిగొచ్చి చూడనందుకు. పొలానికి పొరుగువాళ్లు కావాలంటే మీ స్నేహితుల్ని లాక్కురావాలి. తొందరగా పెరగాలంటే అసలు డబ్బు పెట్టాలి. పైరు అక్కడ ఎర, పంట ఆడేవాడే. ఆ ఆట నిలబడ్డ ‘ఫ్లాష్’ అనే సాధనం ఆగిపోటంతో 2020 డిసెంబరు 31న ఆ పొలాలన్నీ మాయమయ్యాయి. స్టార్‌డ్యూ ఒకసారి కొనుక్కునే ఆట. పది రోజులు తెరవకపోయినా దాని పైరు అలాగే ఉంటుంది. రెండింటికీ తేడా సాంకేతికం కాదు, ఎవరికోసం అన్నది.

ఇక మా కుర్రాడి ప్రశ్న. వేసవి రాగానే అతను తన ఆటపొలంలో మిరప వేశాడు. విత్తనం 40 నాణేలు. ఒక్క కాయ అమ్మితే 40. మూడు రోజులకొక కోత. మర్నాడు వాళ్లింటికెళ్లినప్పుడు ఇది వాళ్ల నాన్నకు చెప్పాం. ఆయన లెక్క వేసుకుని, “ఎండబెట్టక్కర్లేదా?” అన్నాడు. అక్కర్లేదు. కోసిన కాయ ఇంటిముందున్న పెట్టెలో వేస్తే చాలు, రాత్రి ఊరిపెద్ద వచ్చి తీసుకుపోతాడు, తెల్లారేసరికి డబ్బు. “కాటా ఎవరిది? తరుగు ఎంత తీస్తాడు?” కాటా లేదు, తరుగు లేదు. ఊరంతా మిరపే వేసినా ధర మారదు. ఆయన నవ్వి, “మరి ఇది సేద్యమెట్లా అవుతుందిరా?” అన్నాడు.

ఆయన విమర్శ సరైనదే. దానికి నేను మరికొంత కలుపుతాను. నేల తాతదగ్గర్నుంచి వచ్చింది. కౌలు లేదు, తాతకు ఎట్లా వచ్చిందన్న ప్రశ్న లేదు. కలుపు తీసేవాళ్లు లేరు. మిరపకోతలకు పిల్లాపాపల్తో ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చే కూలీలు మాకు ఏటా కనపడతారు. ఆ పొలంలో యజమాని తప్ప పనిచేసే మనిషి లేడు. సముద్రం ఎంత పట్టినా తరగదు. గని ఎంత తవ్వినా మర్నాటికి మళ్లీ నిండుతుంది. జోజా విషయంలో అంత పదునుగా చూసిన కన్ను ఇక్కడ మూసుకుంది. ఇంకో తమాషా ఉంది. ఆటలో ఆరితేరినవాళ్లు చాలామంది పొలమంతా నీటిగొట్టాలు, సారా పీపాలు పరిచి, రోజుకెంత లాభమో పట్టికలు వేసుకుంటారు. జోజా అరలోంచి పారిపోయి వచ్చినవాడు పొలంలో ఇంకో జోజా పెట్టుకుంటున్నాడన్నమాట.

ఐనా దీన్ని రైతు గురించిన అబద్ధమని తీసిపారేస్తే పొరబడతాం. ఆ నాయకుడు రైతు వేషం వేసుకున్న ప్రోగ్రామరు. ఒక్కడే తన ఇంట్లో, తన చేతులతో, తనకు నచ్చిన వేళ పనిచేసి, తయారైనదాన్ని ఇంటిముందు పెట్టెలో వెయ్యాలి. పూర్తి ధర తెల్లారి చేతికి రావాలి. అది చిన్న ఉత్పత్తిదారుడి కల. ఆ పెట్టె బారోన్‌కు దొరకలేదు.

అతనికి దొరికిన పెట్టె పేరు ‘స్టీమ్’. వాల్వ్ అనే కంపెనీ నడిపే అంగడి అది. ఇలాంటివాటిని ‘ప్లాట్‌ఫారం’ అంటున్నారు. మనకు ప్లాట్‌ఫారమంటే రైలు స్టేషనులోది. అక్కడ టీ అమ్మాలన్నా లైసెన్సు కావాలి. పోలిక చెడిపోలేదు. స్టీమ్ మామూలు కోత నూటికి 30. 15 డాలర్ల ఆట అమ్మితే నాలుగున్నర డాలర్లు అంగడికి. 2018 నవంబరులో వాల్వ్ కొత్త పద్ధతి ప్రకటించింది: ఒక ఆట రాబడి కోటి డాలర్లు దాటితే ఆపైన 25 శాతం, 5 కోట్లు దాటితే 20 శాతం. బస్తాలు ఎక్కువ తెచ్చిన ఆసామికి కమీషన్ తగ్గించే కొట్టు మనకు తెలియనిది కాదు. చిన్నవాడి దగ్గర నిండా, పెద్దవాడి దగ్గర తగ్గించి. ఆ తగ్గింపు దక్కే వరసలోకి బారోన్ తన అమ్మకాలవల్ల చేరాడు. ఒంటరిగా ఆటలు చేసే మిగతావాళ్లలో అత్యధికులు ఆ గీత దరిదాపులకు కూడా రారు.

అంగడి ఒక్కటే కాదు, అతని నాగలి కూడా పరాయిదే. ఆటను మైక్రోసాఫ్ట్‌వారి ‘ఎక్స్‌ఎన్‌ఏ’ అనే పనిముట్లతో రాశాడు. 2013లో, ఆట సగం పనిలో ఉండగా, కంపెనీ దాని అభివృద్ధి ఆపేసింది. అప్పటికే దున్నిన చేను వదిలిపోలేడు కనక ఆ పాత పనిముట్లతోనే పూర్తిచేశాడు. చివరికి 2021లో ఆట ‘మోనోగేమ్’ అనే సాధనంమీదికి మారింది. ఎక్స్‌ఎన్‌ఏ పద్ధతి బతికుండాలని కొంతమంది ప్రోగ్రామర్లు పూనుకుని, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా రాసి నిలబెట్టిన సాధనమది. బారోన్ తరవాత దానికి విరాళమిచ్చాడు. కార్పొరేషన్ వదిలేసిన వంతెనను పేరులేని చేతులు బాగుచెయ్యటం అతని ఆటలోని కథే. బయట ఆ చేతులు అడవి దేవతలవి కావు, జీతం లేకుండా పనిచేసిన మనుషులవి.

బారోన్ వేదికలెక్కి ప్లాట్‌ఫారాలను తిట్టే మనిషి కాడు. అతని వైఖరి తెలియాలంటే ఆట చూడాలి, నడత చూడాలి. 2016 తరవాత ఆటకు కొత్త ఊళ్లు, కొత్త పంటలు, కొత్త మనుషుల్ని చేరుస్తూ వచ్చాడు. 2024 మార్చిలో వచ్చిన 1.6 కూర్పు దాకా వేటికీ అదనంగా డబ్బు తీసుకోలేదు. బతికున్నంతకాలం తీసుకోనని 2024 జులైలో తన ఇంటిపేరు పరువుమీద బహిరంగంగా ప్రమాణం చేశాడు. ఆటను ముక్కలుచేసి ముక్కకింతని అమ్మే వ్యాపారం మధ్య ఇది చిన్న విషయం కాదు. ఐతే ఇంటిపేరుమీద ప్రమాణం ఒక్క మనిషి చెయ్యగల పని, 4 కోట్ల ప్రతులు అమ్మిన మనిషి చెయ్యగల పని. అద్దె బాకీపడ్డ ఇంకో ఒంటరి ప్రోగ్రామరు ఆ ప్రమాణం చెయ్యలేడు. అతనికి కావలసింది కాటాలో న్యాయం.

2021 అక్టోబరులో బారోన్ రెండో ఆట ప్రకటించాడు, ‘హాంటెడ్ చాకొలేటియర్’. అందులో నాయకుడు రైతు కాడు. సరుకు సేకరించి, చాకొలెట్లు చేసి, దుకాణం పెట్టి అమ్మేవాడు. పెట్టెలో పంట వేసి నిద్రపోయినవాడు ఇప్పుడు గల్లాపెట్టె వెనక కూచుంటాడు. కోకో గింజ పండించినవాడు ఆ దుకాణం గుమ్మంలో ఎక్కడైనా కనపడతాడా అని మా కుర్రాడు అడక్కముందే నేనడుగుతున్నాను.