స్పాంజిలో కాపురమున్న సూక్ష్మజీవులు

స్పాంజి యనగా మనకు గిన్నెలు తోము మెత్తని ముద్దయే స్మరణకు వచ్చును. అంగళ్ళలో దొరకునవి పెక్కు కృత్రిమములు. నిజమైన స్పాంజి సముద్రములో రాతి నంటి బ్రతుకు జంతువు. దానికి నోరు లేదు, కడుపు లేదు, నరములు లేవు. ఒడలి సన్నని రంధ్రములగుండ నీటిని లోనికి బీల్చి, అందలి సూక్ష్మజీవులను తిని, మిగిలిన నీటిని వెలికి విడుచును. కిలో బరువు స్పాంజి దినమునకు వేలకొలది లీటర్లు వడపోయగలదు. వింత యేమన, ఆ యొడలిలోనే వేఱు బాక్టీరియములు తినబడక కాపురముండును. కొన్ని స్పాంజులలో బరువున సుమారు మూడవ వంతు వీనిదే.

సోదరీమణులారా! పాలకు తోడు వేయు మనకు సూక్ష్మజీవులు క్రొత్తవి గావు. కాని తామెన్ని యైనవో వాని కెట్లు తెలియును?

దీని కొక యుత్తరము స్పాంజినుండి గాక, వెలుగునిచ్చు నొక సముద్రపు బాక్టీరియమునుండి వచ్చినది. అది పలుచగ నున్నపుడు వెలుగక, దట్టమైన పిదపనే వెలుగుటను నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అను మువ్వురు 1970లో వెల్లడించిరి. ప్రతిజీవియు నొక ద్రవ్యమును విడుచుచుండును. జీవులు కొలదియైనచో నది చెదరిపోవును, మిక్కిలియైనచో చిక్కనగును. ఆ చిక్కదన మొక మేర దాటగనే అన్నియు నొక్కమాఱు నడత మార్చుకొనును. సభకు చాలినంతమంది కూడిరా యని చూచుకొనుట వంటిదని దీనికి 1994లో 'క్వోరమ్ సెన్సింగ్' అని పేరిడిరి.

ఆ పేరిడినవారిలో నొకరైన ఫ్యూక్వా గారును, రసెల్ హిల్ గారును, వారి తోడివారును మైకేల్ లాక్సిసిమా అను స్పాంజినుండి తీసిన రుయిజీరియా జాతి బాక్టీరియమును శోధించి 2012లో ఫలితములు ప్రకటించిరి. సంకేతద్రవ్యము చేయలేనిదానిగ దానిని మార్చి చూడగా, అది యీదుట మానినది! ఈదుటకు వలయు తోకలు మొలవలేదు. పైపెచ్చు జిగురుపొరగ నేర్పడి యున్నచోటనే అంటుకొనినది. అనగా, ఇల్లు క్రిక్కిఱిసిన గుర్తు తెలిసినప్పుడే దానికి కదలిక వచ్చును. నిండిన యింటినుండి కొందఱు వేఱుకాపురము పోవుట వంటిదేమో యని యొక యూహ.

దీనిని సూక్ష్మజీవుల భాష యని కొందఱు వ్రాయుదురు. మాకది రుచింపదు. మల్లె విచ్చినదని వాసన తెలుపును. అంతమాత్రమున మల్లె మాటలాడిన దందుమా?

వైద్యులు దీనిపై దృష్టి నిలుపుటకు కారణము కలదు. రోగము తెచ్చు బాక్టీరియములలోను కొన్ని యిట్లే గుమిగూడిన పిమ్మటనే విషములు విడుచును. చంపు మందులకు లొంగని రోగజీవులు ప్రబలుచున్న యీ దినములలో, చంపక సంకేతమును మాత్రము చెఱచిన చాలునా యని వెదకుచున్నారు. కొన్ని స్పాంజులలో నట్టి ద్రవ్యములు దొరకినవి. అవి ప్రయోగశాల దాటి రోగి పడకయొద్దకు ఇంకను రాలేదు.