గుండెల్లో మంటేగా అని ఊరుకోకండి

రాత్రి భోజనం చేసి మంచంమీద వాలారో లేదో "అబ్బ! గుండెల్లో మంట" అంటారు ఇంటాయన. ఇంత సోడా తాగడం, ఓ మాత్ర చప్పరించడం, పడుకోవడం. చాలా ఇళ్లలో ఇది మామూలే. మనమూ ఆవకాయను నాలుగు తిట్టి ఊరుకుంటాం.

అసలు జరిగేదేమిటి? అన్నవాహిక వచ్చి కడుపుతో కలిసేచోట కండరం ఒకటి ముడిలా బిగుసుకుని ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకుంటుంది. ఆ బిగువు సడలితే కడుపులోని పుల్లని రసం పైకి ఎగదన్నుతుంది. కడుపు దానికి తట్టుకుంటుంది గాని, అన్నవాహిక తట్టుకోలేదు. ఏళ్ల తరబడి అలా జరిగితే కొందరిలో లోపలి పొర స్వభావమే మారిపోతుంది. 1950లో దీన్ని గురించి రాసిన లండన్ సర్జన్ నార్మన్ బారెట్ పేరే ఈ మార్పుకు పెట్టారు. అలా మారిన పొరలో, బహు కొద్దిమందికి, కేన్సరు పుడుతుంది.

స్వీడన్ పరిశోధకులు 1999లో ప్రకటించిన లెక్క ఒకటుంది. వారానికి ఒక్కసారైనా మంట వచ్చేవారికి అన్నవాహికలో ఈ రకం కేన్సరు వచ్చే అవకాశం ఇతరులకంటే దాదాపు 8 రెట్లు. సరిగ్గా కడుపు మొదట్లో వచ్చేదానికి 2 రెట్లు. హడలిపోకండి! జబ్బే అరుదు కనుక, మంట ఉన్నవారిలో చాలామందికి అది రాదు. అయితే మంటకు తోడు బొజ్జ, సిగరెట్టో చుట్టో, 50 దాటిన వయసు ఉంటే అపాయం పెరుగుతుంది. మగవాళ్లకు ఎక్కువ, ఆడవాళ్లకు రాదని మాత్రం కాదు. ఇవన్నీ కలిసినవారు ఎండోస్కోపీ అవసరమేమో డాక్టరు గారిని అడగాలి.

వడ్డించేది మనమైన ఇంట్లో ముందుగా కనిపెట్టగలిగేదీ మనమే. చపాతీ ముక్క ముక్కకూ నీళ్లు తాగుతున్నారా? గట్టి పదార్థాలు వదిలేసి మజ్జిగన్నమే అడుగుతున్నారా? కారణం లేకుండా చిక్కిపోతున్నారా? విరేచనం తారులా నల్లగా అవుతోందా? అలాంటప్పుడు సోడాలతో రోజులు గడపకండి, వెంటనే చూపించండి.

పొగ మానడం, నడుము చుట్టుకొలత తగ్గించడం ముఖ్యం. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినాలి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అరడుగు ఎత్తు చేస్తే రాత్రి మంట తగ్గుతుంది.

మరి అందరికీ పెట్టి, పదింటికి తిని, పదింపావుకు నడుం వాల్చే మన సంగతో? ఈ రాత్రినుంచి మన కంచం కూడా వాళ్లతోపాటే పెట్టుకుందాం.